పక్షులకు పెట్టిన గింజలు ఉడుతల పాలవుతున్నాయా? తరమడం కంటే పాత్ర కట్టే చోటే ముఖ్యం

ఎండలు ముదిరే వేళకు నగరాల్లోని అనేక ఇళ్ల బాల్కనీలలో, పెరళ్లలో, మేడలపై పక్షుల కోసం గింజల పాత్రలు వెలుస్తాయి. పిచ్చుకలు వస్తాయన్న ఆశతో ఉదయం నింపిన పాత్ర గంట తిరగకముందే ఖాళీ అవుతుంది. కానీ ఆ గింజలు తిన్నది చాలాసార్లు పిచ్చుక కాదు, ఉడుత.

చప్పట్లు కొట్టినా, కర్ర చూపినా అది గోడ మలుపు వరకే వెళ్తుంది. మనిషి లోపలికి వెళ్లగానే తిరిగి వస్తుంది. దుకాణంలో 'ఉడుతలు చేరలేనిది' అని చెప్పి అమ్మిన పరికరం కూడా కొన్నిసార్లు రెండు రోజులకే ఓడిపోతుంది. ఉడుత మొండితనం కన్నా, పాత్రను ఎక్కడ కట్టారు, దానిలో ఏమి పోశారు, ఎంత పోశారు అన్నవే ఇందుకు ప్రధాన కారణాలు.

ఉడుతను ఎందుకు ఆపాలి?

భారతదేశంలో ఇళ్ల చుట్టూ కనిపించే చారల ఉడుతలు ఇక్కడి సహజ జీవులు. దక్షిణ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ వీపుపై మూడు చారలున్న ఉడుత ఎక్కువ. ఉత్తర భారతదేశం, పాకిస్థాన్, నేపాల్ ప్రాంతాల్లో ఐదు చారల ఉడుత కనిపిస్తుంది. పళ్లు, గింజలు, మొగ్గలు, పురుగులు వీటి ఆహారం. ఈ దృష్టితో చూస్తే అది దొంగ కాదు. తన పరిసరాల్లో దొరికిన తిండిని తింటున్న ఒక ప్రాణి మాత్రమే.

అయినా దానిని పక్షుల పాత్రకు దూరంగా ఉంచడానికి సరైన కారణాలున్నాయి. ఉడుత పాత్రపై కూర్చున్నంతసేపు పిచ్చుకల వంటి చిన్న పక్షులు దగ్గరకు రావడానికి జంకుతాయి. అది తినే దానికన్నా కింద చిమ్మేది ఎక్కువ. రాలిన గింజలు ఎలుకలనూ పావురాలనూ పిలుస్తాయి. ఎదుగుతూనే ఉండే ముందరి పళ్లతో ఉడుత ప్లాస్టిక్‌ను, చెక్కను, తాడును కొరికివేస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అవకాశం దొరికితే ఉడుతలు పక్షుల గుడ్లనూ, రెక్కలు రాని పిల్లలనూ తింటాయి. ఒకే బాల్కనీలో పిచ్చుకల గూటి పెట్టెనూ, గింజల పాత్రనూ పక్కపక్కనే పెట్టడం వల్ల, గింజల కోసం వచ్చిన ఉడుతకు గూటి దారి కూడా చూపించినట్లవుతుంది. అందువల్ల ఆ రెండింటినీ ఇంటికి చెరో వైపున ఉంచడం మేలు.

పిచ్చుకల విషయంలో ఈ జాగ్రత్తకు అదనపు ప్రాధాన్యం ఉంది. 2020లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. అయితే హైదరాబాద్, బెంగళూరు, చెన్నై సహా ఆరు మహానగరాల్లో అది క్రమంగా తగ్గుతోంది. బాల్కనీలలో గింజల పాత్రలు ఎక్కువగా కనిపించేది కూడా నగరాల్లోనే.

విదేశీ పరికరం ఇక్కడ ఎందుకు పనిచేయదు?

పక్షుల పాత్రల చుట్టూ ఉడుతలతో పోరాటం బ్రిటన్, అమెరికాలలో చాలా పాతది. అక్కడి వారి సమస్య బూడిదరంగు ఉడుత. ఉత్తర అమెరికాకు చెందిన ఈ జంతువును 1876లో ఇంగ్లండ్‌లోని చెషైర్ ప్రాంతంలో వదిలారు. ఆ తరువాత అది బ్రిటన్‌లోని చాలా భాగాలకు వ్యాపించి, అక్కడి స్థానిక ఎర్ర ఉడుతను వెనక్కి నెట్టింది. మార్కెట్లో దొరికే ఉడుత నిరోధక పాత్రలలో అత్యధికం ఈ బూడిదరంగు ఉడుతను దృష్టిలో పెట్టుకుని తయారైనవే.

తేడా బరువులో ఉంది. బూడిదరంగు ఉడుత సుమారు 400 నుంచి 600 గ్రాములు తూగుతుంది. మన చారల ఉడుత సుమారు 100 గ్రాములు మాత్రమే. పిచ్చుక బరువు 25 నుంచి 30 గ్రాములు. గోరింక, రామచిలుక దాదాపు ఉడుతంత బరువుంటాయి.

బరువు పడగానే స్ప్రింగు కిందికి జారి గింజల రంధ్రాలు మూసుకుపోయే పాత్రలు కొన్ని ఉన్నాయి. అరకిలో జంతువుకు సరిపడేలా బిగించిన స్ప్రింగుకు, వంద గ్రాముల ఉడుత వచ్చి కూర్చున్న సంగతే తెలియదు. స్ప్రింగును సడలించి తక్కువ బరువుకే మూసుకునేలా అమర్చుకుంటే ఉడుత ఆగుతుంది. కానీ దానితోపాటే గోరింకలకూ చిలుకలకూ తలుపు మూసుకుపోతుంది. పిచ్చుకలు, మునియాల వంటి చిన్న పక్షులు మాత్రమే చాలుననుకునే వారికి ఇది మంచి ఏర్పాటే. కొనే ముందు, ఎంత బరువుకు మూసుకోవాలో మార్చుకునే వీలు ఆ పాత్రకు ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవాలి.

చుట్టూ ఇనుప జాలీ ఉండే పాత్రలదీ ఇదే కథ. బూడిదరంగు ఉడుత పట్టని సందులో నుంచి చారల ఉడుత దూరిపోగలదు. సందును ఇంకా చిన్నది చేస్తే పిచ్చుకకే దారి ఉండదు. కాబట్టి మన ఇళ్లలో జాలీపై ఆశ పెట్టుకోవడం కన్నా, ఉడుత అసలు పాత్ర వరకే చేరకుండా చూడడం మేలు.

మొదటి రక్షణ దూరమే

ఉడుత చెట్టుపై తలకిందులుగా దిగగలదు. వెనుక పాదాలను మడమ దగ్గర వెనక్కి తిప్పి, గోళ్లతో బెరడును పట్టుకుని వేలాడగలదు. గరుకు సిమెంటు గోడ కూడా దానికి బెరడు వంటిదే. డ్రైనేజీ గొట్టం, కేబుల్ తీగ, కిటికీ ఊచలు, బట్టలారేసే తాడు అన్నీ దానికి దారులే.

దూకే ముందు ఉడుత లెక్క వేసుకుంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు ఫాక్స్ స్క్విరల్ అనే అమెరికా జాతి ఉడుతలపై చేసిన అధ్యయనం 2021లో 'సైన్స్' పత్రికలో ప్రచురితమైంది. తాము నిలుచున్న కొమ్మ ఎంత వంగుతుంది, ముందున్న ఖాళీ ఎంత వెడల్పు అనే రెండు విషయాలనూ అవి బేరీజు వేసుకుని, ఎక్కడ నుంచి ఎగరాలో నిర్ణయించుకుంటున్నాయని అందులో తేలింది. మొదటిసారి గురి తప్పినా కొద్ది ప్రయత్నాల్లోనే దూకుడును సరిదిద్దుకున్నాయి. ఒకసారి పాత్రను అందుకోలేని ఉడుత మరునాడు అందుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అమెరికాలో పక్షి ప్రియులు పాటించే ఒక స్థూల నియమం 5, 7, 9 అంకెలపై ఆధారపడింది. ఉడుత నేల మీద నుంచి సుమారు 5 అడుగుల ఎత్తుకు, పక్కనున్న ఆధారం నుంచి 7 అడుగుల దూరానికి, పైనుంచి 9 అడుగుల కిందికి దూకగలదన్నది దాని సారం. కాబట్టి పాత్ర నేలకు 5 అడుగులకు మించిన ఎత్తులో, చెట్టుకు గానీ గోడకు గానీ 7 అడుగులకు మించిన దూరంలో ఉండాలి. పైనున్న కొమ్మకూ పాత్రకూ మధ్య 9 అడుగుల ఖాళీ ఉండాలి. ఈ కొలతలు పెద్ద ఉడుతను బట్టి ఏర్పడినవి. చిన్నదైన మన ఉడుతకు వీటిని పాటిస్తే భద్రత మరికొంత పెరుగుతుంది.

పెరడు ఉన్నవారు నడుమ ఒక నున్నని ఇనుప గొట్టం పాతి, దాని కొనకు పాత్ర తగిలించడం అన్నింటికన్నా ఉత్తమం. చెట్టుకొమ్మకు కట్టడం అన్నింటికన్నా బలహీనమైన పద్ధతి. గుబురు పొదలకు ఎడంగా ఉండడం వల్ల, మాటు వేసే పిల్లి నుంచి కూడా పక్షులకు కొంత రక్షణ దొరుకుతుంది.

అడ్డు పళ్లెం ఎలా అమర్చాలి?

దూకే దారి మూసిన తరువాత మిగిలేది పాకే దారి. దానిని ఆపేదే అడ్డు పళ్లెం. దీనిని బాఫిల్ అని పిలుస్తారు. ఇది గొడుగు ఆకారంలోనో, శంకువు ఆకారంలోనో ఉండే నున్నని రేకు. గొట్టం పైకి పాకుతూ వచ్చిన ఉడుత దాని అడుగుభాగం వద్ద ఆగిపోతుంది. అంచును అందుకోవాలంటే గొట్టాన్ని వదలాలి. వదిలితే పట్టు దొరకదు.

పళ్లెం వ్యాసం కనీసం 16 నుంచి 18 అంగుళాలుండాలి. నేలకు 4 అడుగుల కన్నా కిందికి రాకూడదు. అంతకన్నా కింద ఉంటే ఉడుత నేల మీద నుంచే పళ్లెం దాటి దూకుతుంది.

దీనికి ఖరీదైన సామగ్రి అవసరం లేదు. అడుగున రంధ్రం చేసి గొట్టానికి బోర్లించిన వెడల్పాటి స్టీలు బేసిన్ సరిపోతుంది. 6 అంగుళాల వ్యాసం, రెండడుగులకు పైగా పొడవు గల నున్నని పీవీసీ గొట్టాన్ని స్తంభానికి తొడిగినా అదే ఫలితం వస్తుంది. ఆ గొట్టం పైభాగాన్ని మూతతో పూర్తిగా బిగించడం మరవకూడదు. చారల ఉడుత సన్నని ప్రాణి. స్తంభానికీ గొట్టానికీ మధ్య సందు కనిపిస్తే లోపలి నుంచే పైకి వస్తుంది.

బాల్కనీలో ఏం చేయాలి?

అపార్టుమెంటులో 7 అడుగుల దూరం దొరకడం కష్టం. అక్కడ నేల, గోడ, ఊచలు అన్నీ దగ్గరే. కాబట్టి పైకప్పు కొక్కెం నుంచి, గోడకూ ఊచలకూ వీలైనంత ఎడంగా పాత్రను వేలాడదీయాలి. తాడుకు బదులు సన్నని లోహపు తీగ వాడాలి. తీగకు పాత్రపైన ఒక గొడుగు పళ్లెం అమర్చితే పైనుంచి జారి వచ్చే దారి మూసుకుంటుంది. ఆ పళ్లెం ఒకవైపుకు ఒరిగేలా వదులుగా ఉంటే మరీ మంచిది. ఉడుత కాలు పెట్టగానే అది వాలిపోతుంది. వాన నుంచి గింజలను కాపాడే పని కూడా అదే చేస్తుంది.

చేపల గాలానికి వాడే నైలాన్ దారాలు మాత్రం వద్దు. పక్షుల కాళ్లూ రెక్కలూ వాటిలో చిక్కుకుంటాయి.

ఏర్పాటు చేసే ముందు ఒకటి రెండు రోజులు ఉడుత వచ్చే దారిని గమనించడం అన్ని పరికరాల కన్నా ఎక్కువ ఉపయోగం. తరచుగా అది ఒకే దారిలో వస్తుంది. పూలకుండీని రెండడుగులు జరపడం, తీగమొక్కను కత్తిరించడం, పాత తాడు తీసివేయడం వంటి చిన్న మార్పులతోనే ఆ దారి తెగిపోవచ్చు.

ఏ గింజలు, ఎంత?

వేరుశనగ గుళ్లు, పొద్దుతిరుగుడు గింజలు, కొబ్బరి ముక్కలు, పండ్లు ఉడుతకు ప్రీతికరం. వాటిని పాత్రలో వేయడమంటే దానిని పిలిచి పీట వేయడమే. సజ్జలు, కొర్రలు, నూకలు పిచ్చుకలూ మునియాలూ ఇష్టంగా తింటాయి. ఉడుత వీటిని ముట్టదని కాదు. గుళ్లంత లాభసాటి కాని ఈ చిన్న గింజల కోసం కష్టపడి పాత్ర చేరుకోవాలన్న ఆసక్తి దానికి తగ్గుతుంది.

పరిమాణం కూడా ముఖ్యమే. ఉడుతలు పగటి జీవులు. పిచ్చుకలూ పగలే తింటాయి. కాబట్టి వేళలు మార్చి ఉడుతను తప్పించుకోవడం సాధ్యం కాదు. చేయగలిగిందల్లా, పక్షులు ఒక గంటలో ముగించేంత మాత్రమే ఉదయం పోయడం. పాత్ర రోజంతా నిండుగా ఉంటే ఉడుతకు కాపలా కాసే ఓపిక వస్తుంది. సాయంత్రానికి మిగిలిన గింజలు ఎత్తివేస్తే రాత్రి తిరిగే ఎలుకల బెడద తగ్గుతుంది.

ఉడుతకు వేరుగా, దూరంగా కొన్ని గుళ్లు పెట్టి దాని దృష్టి మళ్లించే పద్ధతినీ కొందరు పాటిస్తారు. కొద్ది మోతాదులో పెడితే ఇది కొంతవరకు ఉపకరిస్తుంది. అడిగినప్పుడల్లా దొరికేలా పెడితే ఒకటి రెండు ఉడుతల స్థానంలో నాలుగైదు వచ్చే అవకాశం ఉంది.

కారం కలపవచ్చా?

గింజలకు కారం పట్టించాలన్న సలహా తరచుగా వినిపిస్తుంది. దాని వెనుక శాస్త్రం ఉంది. మిరపలోని మంటకు కారణం కాప్సైసిన్ అనే పదార్థం. క్షీరదాల నరాల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని అది తాకినప్పుడు మంట తెలుస్తుంది. పక్షులలో ఉండే అదే గ్రాహకం కాప్సైసిన్‌కు స్పందించదని 2002లో వెలువడిన పరిశోధన వివరించింది. ఆ పరిశోధనలో భాగస్వామి అయిన డేవిడ్ జూలియస్‌కు, ఈ గ్రాహకాన్ని గుర్తించిన కృషికి గాను 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది. చిలుక పచ్చిమిరపకాయను ఇష్టంగా కొరుక్కు తినడంలోని రహస్యం ఇదే.

అయినా బాల్కనీలో కారంపొడి చల్లడం మంచి పద్ధతి కాదు. మిరపకాయలు దంచే ఇంట్లో కూర్చున్న ఎవరికైనా ఇందుకు కారణం చెప్పనక్కరలేదు. పొడి గాలికి లేచి మనుషుల కళ్లలో, పక్కింటి పిల్లల కళ్లలో పడుతుంది. పక్షుల కళ్లలోకీ ధూళి వెళ్తుంది. కారం అంటిన పాదాలతో కళ్లు రుద్దుకున్న ఉడుత తీవ్రమైన బాధకు గురవుతుంది. వాన పడితే కారం కొట్టుకుపోతుంది. దూరం, అడ్డు పళ్లెం చేయగల పనికి ఇది అవసరం లేదు.

ఇవి అసలు చేయకూడదు

స్తంభానికి గ్రీజు, వ్యాజిలైన్, నూనె పూయకూడదు. అవి ఈకలకు అంటుకుంటే పక్షి శరీర వేడిని నిలుపుకోలేదు, సరిగా ఎగరలేదు. ఉడుత బొచ్చుకూ అదే ప్రమాదం.

ఎలుకల మందు పెట్టడం మరింత ప్రమాదకరం. మందు కలిపిన గింజ ఉడుతకూ పిచ్చుకకూ ఒకటే. చచ్చిన ప్రాణిని తిన్న పిల్లికీ గద్దకూ కూడా ముప్పు. జిగురు అట్టలపై చిక్కిన ప్రాణి గంటల తరబడి నరకం అనుభవించి మరణిస్తుంది. ఆ జిగురుకు పక్షులూ చిక్కుతాయి. జంతువులకు అనవసరమైన బాధ కలిగించడాన్ని 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం నిషేధిస్తోంది.

బోనులో పట్టి దూరంగా వదలడం వల్ల కూడా ప్రయోజనం ఉండదు. గూడూ ఆహారమూ తెలియని చోట ఆ ఉడుత బతకడం కష్టం. గూటిలో పిల్లలుంటే అవి ఆకలితో చనిపోతాయి. ఖాళీ అయిన చోటుకు మరో ఉడుత వస్తుంది.

పాత్ర శుభ్రతే పక్షికి ప్రాణం

ఉడుతను ఆపే ఆలోచనలో పడి పలువురు మరచిపోయేది పాత్ర శుభ్రత. ఒకే పాత్ర వద్ద అనేక పక్షులు చేరినప్పుడు జబ్బులు సులభంగా వ్యాపిస్తాయి. బ్రిటన్‌లో ట్రైకొమొనోసిస్ అనే వ్యాధి వల్ల గ్రీన్‌ఫించ్ పక్షుల సంఖ్య భారీగా పడిపోయింది. 2021లో ఆ జాతి అక్కడి ఎర్ర జాబితాలో చేరింది. వ్యాధి వ్యాప్తిలో తోటల్లోని గింజల పాత్రలకూ నీటి పాత్రలకూ పాత్ర ఉందని అక్కడి నిపుణులు హెచ్చరించారు.

గింజల పాత్రను కనీసం వారానికొకసారి కడిగి, పూర్తిగా ఎండబెట్టిన తరువాతే నింపాలి. తడిసి బూజుపట్టిన గింజలు పారవేయాలి. కింద రాలిన వాటిని రోజూ ఊడ్వాలి. జబ్బుపడిన పక్షి కనిపిస్తే కొంతకాలం గింజలు పెట్టడం ఆపివేయాలి.

గింజలొక్కటే పిచ్చుకను నిలబెట్టలేవు. పిల్లలు పుట్టిన తొలి రోజుల్లో వాటికి తల్లిదండ్రులు తెచ్చేది ప్రధానంగా పురుగులే. పురుగుమందు కొట్టని నాలుగు మొక్కలు, గూడు కట్టుకోవడానికి ఒక రంధ్రం, మండుటెండలో మట్టి మూకుడులో చల్లని నీళ్లు ఉంటే అవి గింజల పాత్రకన్నా తక్కువ సాయమేమీ కాదు.

గెలుపు ఓటముల లెక్క కాదు

తెలుగు పల్లెల్లో సంక్రాంతి వేళ వరి కంకులను కుచ్చులుగా అల్లి చూరుకు వేలాడదీసే ఆచారం ఉంది. పిచ్చుకలు ఆ కంకులపైనే వాలి గింజలు ఒలుచుకుంటాయి. ఆ కుచ్చు అయిపోతే మళ్లీ పంట వచ్చే వరకు లేదు. తగినంతే పెట్టడం, చిమ్మకుండా పెట్టడం, ఎల్లకాలం ఒకే చోట నింపుతూ ఉండకపోవడం అనే మూడు సూత్రాలూ అందులోనే ఇమిడి ఉన్నాయి.

ఉడుతకు కూడా తెలుగువారి మనసులో చోటుంది. సేతువు కట్టేటప్పుడు ఇసుక రేణువులు మోసిన ఉడుత కథ వాల్మీకి రామాయణంలో కనిపించదు గానీ, తెలుగు ద్విపద కావ్యమైన రంగనాథ రామాయణంలో ఉంది. ఉడుతాభక్తి అన్న మాట నేటికీ వాడుకలోనే ఉంది. బ్రిటన్‌లో బూడిదరంగు ఉడుత బయటి నుంచి వచ్చినది. మన ఐదు చారల ఉడుత కూడా ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో అటువంటి పరాయి ప్రాణే. ఇక్కడ మాత్రం పిచ్చుక ఎంతో, ఉడుతా అంతే. రెండూ ఈ నేల జీవులే.

కాబట్టి ఒక్క గింజ కూడా ఉడుతకు దక్కకూడదన్న పట్టుదల నెరవేరేది కాదు, అవసరమైనదీ కాదు. ఉడుత తేలికగా చేరలేని చోట పాత్రను కట్టి, చిన్న గింజలను కొద్దిగా పోసి, గూటిని వేరే వైపు ఉంచితే పిచ్చుకలకు తమ వంతు దక్కుతుంది. ఆ తరువాత కూడా అప్పుడప్పుడు ఒక ఉడుత వచ్చి, కింద రాలిన నాలుగు సజ్జలు ఏరుకుని వెళ్తే, ఆ ఏర్పాటు విఫలమైనట్లు కాదు.